మొదటి చిరునామా

"ఆకుపచ్చ అన్నది నువ్వే."

"నేననలేదు ఫణీ. ఎన్నిసార్లు చెప్పాలి?" అంది ప్రవల్లిక.

"అన్నావు. నేను గడ్డం గీసుకుంటున్నాను. హాల్లోంచి నీ గొంతు స్పష్టంగా వినబడింది, 'ఆకుపచ్చదే వేయండి' అని. ఇల్లు విని ఆర్డరు పెట్టింది. పరదా గుడ్డ వచ్చింది, కుట్టించాను, రింగులు వేయించాను, స్టూలెక్కి తగిలించాను. ఇప్పుడొచ్చి గోధుమరంగు కావాలంటే ఎలా?"

"ఇప్పుడొచ్చి కాదు. మొదట్నించీ గోధుమరంగే అంటున్నాను."

"ఆసుపత్రిలా ఉంది నాన్నా," అంది ధాత్రి, సోఫాలో కాళ్ళు ముడుచుకుని. డిగ్రీ చదువుతున్న ఆ పిల్లకి తల్లీతండ్రీ వాదించుకుంటుంటే మధ్యలో ఒక పుల్ల పెట్టడం సరదా.

"నాకైతే ఏదైనా ఒకటే," అంది దివాన్ మీంచి అత్తగారు అరుణ. ఆవిడ చూపు కొంతకాలంగా మసకబారుతోంది. "మూస్తే చీకటి, తీస్తే వెలుగు. దానికింత సభ ఎందుకర్రా?"

గోడమీది పెట్టెలోంచి స్వప్న కూడా అందుకుంది. "వదిన అనడం నేనూ విన్నానన్నయ్యా. అప్పుడు దోసెలు వేస్తున్నాను."

స్వప్న ఫణీంద్ర చెల్లెలు. ఉండేది అనకాపల్లిలో. అక్కడ దోసెలు వేసుకుంటున్న మనిషి విశాఖపట్నంలో ఇంకొకరింటి పరదాల గురించి సాక్ష్యం చెబుతోంది. ఆ హక్కు ఆవిడకి ఎలా వచ్చిందో ప్రవల్లికకి తెలుసు. అది తన ఎడమ చెవి వెనక ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. ఆ పొద్దున తను రేవులో, సంకేత కేంద్రంలో కూర్చుని ఉంది. కాలువ సముద్రంలో కలిసే మొగలో పాత దారిదీపం పాడైతే మార్చడానికి మనుషులు పడవలో వెళ్ళారు. వాళ్ళు ఎరుపూ ఆకుపచ్చా రెండూ చేతుల్లో పట్టుకుని తటపటాయిస్తుంటే దుర్భిణీలోంచి చూసి తనే ముందుగా అంది, "ఆకుపచ్చదే వేయండి" అని. వాళ్ళు పలకలేదు. కాసేపటికి వాళ్ళే, "ఏది వేయమంటారు మేడమ్?" అని అడిగారు. అప్పుడు మళ్ళీ చెబితే వేశారు.

అయితే మొదటి మాట ఇక్కడికి వచ్చిందన్నమాట. వచ్చి పరదాలైంది.

"అన్నాను," అంది ప్రవల్లిక నెమ్మదిగా. "అన్నానుగానీ, ఇంటితో కాదు."

"ఇంట్లోనే వినబడింది కదా," అన్నాడు ఫణీంద్ర. ఆ మాటతో అతని దృష్టిలో వాదం ముగిసింది. పరదాలు ఉండిపోయాయి.

*

చెవి వెనక, చర్మం కింద, మినపగింజంత ఉంటుంది కర్ణిక. పెట్టించుకున్న మనిషిని అది ఒక చోటికి కలుపుతుంది. ఆ చోటి మాటలు వినబడతాయి. అక్కడి వేడీ చల్లదనం ఒంటికి తెలుస్తాయి. నోరు కదపకుండా అనుకున్న మాట అక్కడ పలుకుతుంది. ఒక గింజకి ఒక చిరునామా, ఒక మనిషికి ఒక చోటు. చాలాకాలం అంతే.

ఒకే గింజ మీద చిరునామాలు ఎన్నైనా ఎక్కించవచ్చని కనిపెట్టింది డాక్టర్ రెహానా ల్యాబ్. "గుమ్మం ఒకటే. దాని మీద ఎన్ని నంబర్లు రాస్తే అన్ని ఇళ్ళు," అని ఆవిడ మొదటిరోజు చెప్పింది. ప్రతి చిరునామాకీ ఒక హద్దు కూడా పెట్టాలి. ఆ హద్దు లోపలివాళ్ళు నేరుగా వచ్చి మాట్లాడతారు. బయటివాళ్ళు గేటు దగ్గర బెల్లు కొట్టి ఆగాలి. ల్యాబ్‌లో దాన్ని మాస్క్ అంటారు. అరుణ ప్రహరీ అంది. ఇంట్లో ఆ పేరే స్థిరపడింది.

రేవులో ప్రవల్లిక పని పడవలకి దారి చెప్పడం. మొగ దగ్గర ఇసుక మేట ఆటుకీ పోటుకీ జరుగుతూ ఉంటుంది. నిన్న లోతున్న చోట ఇవాళ పడవ అడుగు తగులుతుంది. ఆమె కళ్ళకి ఆ నీళ్ళు అలవాటు. రేవూ ఇల్లూ ఒకేసారి చూసుకోవచ్చు, మీతోనే ప్రయోగం మొదలుపెడదామని ల్యాబ్ వాళ్ళు అడిగితే ఆమె సంతోషంగానే ఒప్పుకుంది. అత్తగారికి చూపు తగ్గుతోంది. ఆవిడ వంటింట్లో ఉప్పు డబ్బా కోసం తడుముకుంటుంటే రేవులోంచే "రెండో అరలో, కుడివైపు అత్తయ్యా" అని చెప్పగలగడం తక్కువ సంగతా!

ఎక్కించిన రోజు ఇంట్లో చిన్న పండగే చేశారు. ల్యాబ్ ఇంజనీరు తన పనిముట్ల పెట్టె తెరిచి, ముందు రేవుది ఎక్కిస్తానన్నాడు. అరుణ ఒప్పుకోలేదు.

"శుభమా అని మొదలుపెడుతూ ఎవరైనా ఉప్పునీళ్ళ పేరు రాస్తారా బాబూ? ముందు ఇల్లు. తర్వాత నీ ఇష్టం."

పెట్టెకి పసుపు రాసి బొట్టు పెట్టి, వర్జ్యం వెళ్ళేదాకా అతనికి కాఫీలు పోసి కూర్చోబెట్టి, ఆ తర్వాత ఇంటి చిరునామా ఎక్కించారు. ప్రహరీ ఎంతవరకు పెట్టమంటారని అడిగాడతను.

"మనవాళ్ళంతా లోపలే."

"అంటే ఇంట్లోవాళ్ళా అండీ?"

"ఇంట్లోవాళ్ళే మనవాళ్ళా? నా కూతురు తన వదినతో మాట్లాడాలంటే గేటు దగ్గర నిలబడి బెల్లు కొడుతుందా? బాగానే ఉంది!"

అలా స్వప్న లోపలికి వచ్చింది. ఆవిడ మొగుడు వచ్చాడు. భీమిలిలో ఉండే ఫణీంద్ర పెదనాన్న కుటుంబం మొత్తం వచ్చింది. రేపు రాబోయే అల్లుళ్ళకీ కోడళ్ళకీ కూడా చోటు వదిలి గోడ కట్టారు. అందరూ నవ్వుకుని సేమ్యా పాయసం తాగారు. ప్రవల్లిక కూడా నవ్వింది. ఇల్లు ఒంట్లోకి వచ్చిన ఆ మొదటి క్షణం, పొయ్యి వెచ్చదనం, గచ్చు చల్లదనం, పక్కగదిలో ధాత్రి ఫ్యాను గాలి అన్నీ ఒక్కసారి తగిలి ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

గింజ మాత్రం తన లెక్కలో తాను ఉంది. ముందు ఎక్కించినదాన్ని అది మొదటి చిరునామాగా తీసుకుంటుంది. ఎవరైనా అడిగితే, అడిగిన దారినే జవాబు పోతుంది. ఎవరూ అడక్కుండా మనిషి తనంతట తాను మొదలుపెట్టిన మాట మాత్రం మొదటి చిరునామా పేరు మీదే బయటికి పోతుంది. ఈ సంగతి ఇంజనీరుకి తెలుసు. రేవులో ఎప్పుడూ పడవలే అడుగుతాయి కదా, ఆవిడ ముందుగా ఏం మాట్లాడుతుందిలే అనుకున్నాడు.

*

పరదాల గొడవ జరిగిన వారంలోనే అది జరిగింది.

పొద్దు బాగా ఎక్కింది. వేటకి వెళ్ళిన పడవలు ఒక్కొక్కటే తిరిగొస్తున్నాయి. మైలపల్లి అప్పన్న పడవ నిండుగా, బరువుగా వస్తోంది. రోజూ మొగ దగ్గరకి రాగానే "అమ్మగోరూ, దారెటు?" అని అడిగేవాడు. ఆ రోజు అడగలేదు. ముందు పోయిన పడవ వెనకాలే ధైర్యంగా వచ్చేస్తున్నాడు. ఆ పడవ ఖాళీగా పోయింది కాబట్టి పోగలిగింది. ఇతని పడవ అడుగు లోతుగా మునిగి ఉంది. ముందర నీటి రంగు మారి ఉండడం ప్రవల్లిక చూసింది.

అడిగేదాకా ఆగే సమయం కాదది.

"వెనక్కి తిప్పండి! వెనక్కి!"

అదే సమయంలో అరుణ కంటి పరీక్షకి ఆటోలో వెళుతోంది. పక్కన ధాత్రి ఉంది. మెళ్ళో ఇంటి పూస వేసుకున్నారు ఇద్దరూ. ఇల్లు దాటి ఎంత దూరం పోయినా ఇంటి మాట దాంట్లోంచి వినబడుతుంది. కోడలి గొంతు వినగానే అరుణ ఆటో అబ్బాయి భుజం పట్టుకుంది.

"తిప్పు నాయనా, వెనక్కి తిప్పు."

"ఎందుకు నానమ్మా?"

"మీ అమ్మ చెప్పింది. ఏదో చూసే చెప్పి ఉంటుంది."

రేవు పడవలు రేవు చిరునామాతో వచ్చిన మాటే లోపలికి రానిస్తాయి. సముద్రం మీద ఎవరుపడితే వాళ్ళు దారి చెప్పకూడదని పెట్టిన కట్టుదిట్టం అది. ఏదో ఇంటి పేరు తగిలించుకుని వచ్చిన మాటని అప్పన్న పడవ తలుపు దగ్గరే తోసేసింది.

ప్రవల్లికకి రెండూ ఒకేసారి తెలిశాయి. ఒంట్లో ఒకవైపు ఇల్లు ఉంది, ఒకవైపు నీళ్ళున్నాయి. ఆటో తిరిగింది. పడవ తిరగలేదు.

మేట తగిలి పడవ ఒరిగింది. కెరటం దాన్ని ఎత్తి రాతికట్టకేసి కొట్టింది. అప్పన్న కుడిచెయ్యి ఆ మధ్యలో పడింది.

*

"ఎవరడిగినా కెరటం పెద్దదని చెప్పండి, చాలు," అన్నాడు సంకేత కేంద్రం అధికారి. "అది అబద్ధం కూడా కాదు."

ప్రవల్లిక అతనికి జవాబు చెప్పకుండా ఆసుపత్రికి వెళ్ళింది.

వార్డు బయట బెంచీ మీద అప్పన్న భార్య నూకరత్నం కూర్చుని ఉంది. ఒళ్ళో ప్లాస్టిక్ సంచీ, అందులో ఫ్లాస్కు, మడతపెట్టిన లుంగీ. ప్రవల్లిక ఎవరో చెప్పేలోపే గొంతు విని గుర్తుపట్టింది. పడవలో అప్పుడప్పుడు విన్న గొంతే.

"నువ్వేనా?"

"నేనే."

"అమ్మగోరు పలకనేదని ఒకటే అంటన్నాడు. ఎప్పుడూ పలికీది, ఆయేళే పలకనేదు అని. నిద్దర్లో కూడా అదే."

"పలికానమ్మా. వెనక్కి తిప్పమని అరిచాను."

"మరేటైపోనాది ఆ మాట?"

కెరటం అని చెప్పవచ్చు. ప్రవల్లిక చెప్పలేదు.

"మా ఇంటికి పోయింది."

నూకరత్నం ఆమెని కింది నుంచి పైదాకా చూసింది. ఎగతాళి చేస్తోందేమోనని చూసింది. కాదని అర్థమయ్యాక అడిగింది.

"మీ ఇంటికా? మీ ఇంట్లో ఎవులు మునిగిపోతన్నారమ్మా?"

ప్రవల్లిక బెంచీ మీద ఆవిడ పక్కనే కూర్చుంది. చాలాసేపటికి నర్సు లోపలికి రానిచ్చింది. అప్పన్న చెయ్యి మోచేతి దాకా కట్టులో ఉంది. ఇక వల లాగే చెయ్యి కాదని డాక్టర్లు చెప్పేశారు. అతను కోపంగా లేడు. అదే ఆమెకి కష్టమైంది.

"మళ్ళా కూకుంటావా ఆ కుర్సీలో?" అని అడిగాడు.

"కూర్చుంటాను."

"అయితే నీ మాట మాకాడికే వొచ్చినట్టు సూడు. మా తమ్ముడోళ్ళు ఎల్తన్నారు సోమారం నించి."

*

ఇంట్లో అందరూ ఆమె కోసమే కాచుకుని ఉన్నారు.

"దీంట్లో ఆలోచించడానికేం లేదు," అన్నాడు ఫణీంద్ర. "ఆ రేవుది తీసేయించు. ఇల్లొక్కటే ఉంచుకో. ఒక్కటే ఉంటే తికమకే రాదు."

"నేను ముందే అన్నాను వదినా," అంది పెట్టెలోంచి స్వప్న.

"నువ్వెప్పుడన్నావు?"

"అనుకున్నానులే, ఏదైతే ఏం."

అరుణ వాళ్ళ మాటలు అయ్యేదాకా ఆగింది. తర్వాత నెమ్మదిగా అంది. "నువ్వు చెప్పావని ఆటో తిప్పించాను. ఎందుకని కూడా అడగలేదు. అంత నమ్ముతానమ్మా నేను నిన్ను. దానివల్ల ఒకడి చెయ్యి పోయిందంటే నాకెలా ఉంటుంది?"

ప్రవల్లిక ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ తప్పు లేదు. ఆవిడ నమ్మింది, అంతే. చెయ్యి వదలకుండానే అంది, "ఉద్యోగం మానను అత్తయ్యా."

సంకేత కేంద్రం వాళ్ళ పరిష్కారం ఇంకో రకంగా వచ్చింది. రేవునే మొదటి చిరునామా చేస్తామన్నారు. ఇల్లు రెండోది. ఆమె ముందుగా ఏం మాట్లాడినా ఇక పడవలకే పోతుంది.

"అంటే రేపు నువ్వు నన్ను కాఫీ అడిగితే పడవలవాళ్ళు వింటారా?" అని నవ్వించబోయాడు ఫణీంద్ర.

"నేనెప్పుడడిగాను నిన్ను కాఫీ? అడిగేది నువ్వు. పలికేది నేను. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ తేడా తెలియలేదు."

ఫణీంద్ర మొహం చిన్నబోయింది. చెడ్డవాడు కాదతను. ఇంట్లో సామాను ఏదైనా విరిగితే వెంటనే బాగుచేయించాలి, అంతవరకు నిద్రపట్టదు. భార్య విషయంలోనూ అలాగే కంగారుపడుతున్నాడు.

ఆమె బాల్కనీలోకి వెళ్ళి నిలబడింది. కింద ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు. ఇటు ఇల్లు, అటు రేవు. ఎవరి పేరు ముందు రాయాలో వాళ్ళు తేల్చుకుంటున్నారు. ఎక్కడికైనా పోతే బాగుణ్ణు, అనుకుంది.

"ఎక్కడికమ్మా? టిక్కెట్లు చూడమంటారా?" అని అడిగింది ఇల్లు.

వెంటనే పెట్టెలోంచి స్వప్న. "ఎక్కడికి వదినా? మేమూ వస్తాం!"

ఆ వెనకాలే భీమిలి నుంచి పెద్దమామగారి దగ్గు.

ప్రవల్లిక బాల్కనీ కడ్డీ గట్టిగా పట్టుకుంది. తనలో తను అనుకున్న మాట అది. ఎవరితోనూ అనలేదు. అయినా ముందు ఇంట్లోకి పోయి, అనకాపల్లీ భీమిలీ చుట్టి, అప్పుడు తిరిగి తన దగ్గరకి వస్తోంది. మీ ఇంట్లో ఎవులు మునిగిపోతన్నారమ్మా, అంది నూకరత్నం.

ఈసారి ఆమెకి జవాబు తెలిసింది. దాన్ని మాటగా అనుకోకుండా జాగ్రత్తపడింది.

*

"మూడోది కూడా పెట్టవచ్చా మేడమ్?" అని అడిగింది ఆదివారం పొద్దున డాక్టర్ రెహానాని. సెలవురోజు కాబట్టి ల్యాబ్‌లో ఇంకెవరూ లేరు.

"పెట్టవచ్చు. ఏ చోటికి?"

"ఏ చోటికీ కాదు. నాకు."

రెహానా కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "అంటే ప్రహరీ?"

"ఎంత దగ్గరికి జరపగలిగితే అంత. ఇంకొకరు పట్టకుండా."

"పూర్తిగా మూసేస్తే లోపల మీరొక్కరే ఉంటారు. ఎవరూ రాలేరు. మీ మాట కూడా ఎటూ పోదు. మా కుర్రాళ్ళు దాన్ని ఎందుకూ కొరగాని చిరునామా అంటారు. ఎవరూ అడగరు ప్రవల్లికగారూ."

"నేనడుగుతున్నాను. మొదటిది అదే కావాలి. ఎవరూ అడక్కుండా నేనన్న మాట నా దగ్గరే ఆగాలి. పంపాలనుకుంటే ఏ తలుపు తీయాలో నేను తీసి పంపుతాను. ఇంటికైతే ఇంటికి, పడవకైతే పడవకి."

రెహానా చాలాసేపు ఆలోచించింది. ఆవిడ ఆలోచన మొహంలో కనబడుతూ ఉంటుంది, పెదవులు కదుపుతూ లోలోపల లెక్క వేసుకుంటుంది.

"పని చేస్తుంది," అంది చివరికి. "పడవలకి కూడా ఇదే క్షేమం. కానీ రెండు సంగతులు. మాట బయటికి పోవడానికి ముందు మీరు తలుపు ఎంచుకోవాలి. ఒక రెప్పపాటు ఆలస్యం."

"సాధన చేస్తాను."

"రెండోది కష్టం. కొత్తది మొదట్లో పెట్టాలంటే ఇప్పుడున్న మొదటిది తీసేయాలి. అది తీస్తే దాని ప్రహరీలో ఉన్నవాళ్ళంతా దాంతోపాటే తెగిపోతారు. మీ అత్తగారు, మీ అమ్మాయి, అందరూ. మళ్ళీ పెట్టుకోవచ్చు, గొంతులు తిరిగి వస్తాయి. కానీ ఇల్లు ఇన్నాళ్ళుగా మీ ఒంటికి పట్టింది చూశారా, ఆ వెచ్చదనం, ఆ అడుగుల చప్పుడు... అది ఒక్కసారే పెరుగుతుంది. తెగితే మళ్ళీ రాదు."

ప్రవల్లిక చెవి వెనక తడుముకుంది.

"ఇంకోటి కూడా ఉంది. మొదటిది ఖాళీ అవగానే రెండోది దానంతటదే పైకి వస్తుంది. అంటే రేవుది. కేంద్రం వాళ్ళకి కావలసిందీ అదే."

"అది పైకి రాకుండా ఆపండి."

"నన్నడుగుతారు వాళ్ళు."

"గింజ ఉన్నది నా చెవి వెనక, నేను చెప్పానని చెప్పండి. కెరటం గురించి అబద్ధం చెప్పమన్నది ఎవరో కూడా నేను చెబుతానని చెప్పండి. ఇష్టం లేకపోతే ఆ కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోబెట్టుకోమనండి. ఆ మేట ఇవాళ ఎక్కడుందో వాళ్ళని చెప్పమనండి చూద్దాం."

రెహానా నవ్వలేదు కానీ, కళ్ళజోడు పెట్టుకుంది. యంత్రం దగ్గరికి కుర్చీ లాక్కుంది.

తీసేముందు ఒక్కసారి ఇంటిని ఒంట్లోకి తెచ్చుకుంది ప్రవల్లిక. గచ్చు మీద అత్తగారి కాళ్ళు ఈడ్చుకుంటూ వంటింటి వైపు పోతున్నాయి. పొయ్యి మీద ఏదో కాగుతోంది. ధాత్రి ఇంకా లేవలేదు, దుప్పటి లోపలి వెచ్చదనం. ఫణీంద్ర కిటికీ తెరిచాడు, సముద్రపు గాలి వచ్చింది. పాడు ఆకుపచ్చ పరదా ఎగిరింది. అది కూడా తెలిసింది.

"తీయండి."

ముందు గాలి పోయింది. తర్వాత దుప్పటి. పొయ్యి సెగ ఒక క్షణం ఎక్కువ నిలిచి, ఆరిపోయింది. అడుగుల చప్పుడు సగంలో ఆగింది. ఆవిడ వంటింటి గడప దాటిందో లేదో తెలియలేదు.

ఎవరూ లేరు. అంత నిశ్శబ్దంగా తనతో తను ఎప్పుడున్నదో ఆమెకి గుర్తులేదు. ఏడుపు వస్తుందనుకుంది, వచ్చింది కూడా. చెంపలు తుడుచుకుంటూ లోపల అనుకుని చూసింది. ఎక్కడికైనా పోతే బాగుణ్ణు.

ఎవరూ టిక్కెట్టు చూడమంటారా అనలేదు.

"బాగానే ఉన్నారా?" అంది రెహానా.

"ఉన్నాను మేడమ్," అంది ప్రవల్లిక. నోటితో అంది. "ఇక్కడే ఉన్నాను. ఇప్పుడు మిగతావి పెట్టండి. ఇల్లు రెండోది. ప్రహరీలో మా అత్తయ్య, ఫణి, ధాత్రి. ఆ కప్పు కింద ఉండేవాళ్ళు. మిగతా అందరూ గేటు దగ్గర. మూడోది రేవు. అందులో పడవలన్నీ లోపలే ఉండాలి, ఒక్కటి కూడా బయట ఉండకూడదు."

అన్నీ ఎక్కించాక రేవులో లంగరేసి ఉన్న ఖాళీ పడవ మీద పరీక్షించారు. ప్రవల్లిక కళ్ళు మూసుకుని, తలుపు ఎంచుకుని, ఎవరూ అడక్కుండా అంది.

"వెనక్కి తిప్పండి."

దూరంగా పడవ మీద ఆమె గొంతు రేవు పేరుతో పలికింది. రెప్పపాటు ఆలస్యమైంది. మళ్ళీ చేసింది. మళ్ళీ చేసింది. ఆలస్యం కొంచెం తగ్గేదాకా రెహానాని లేవనివ్వలేదు.

*

ఇంటికొచ్చేసరికి భోజనాల వేళ. పప్పు తియ్యగా ఉంది.

"ఇదేంటి నానమ్మా, పప్పా పాయసమా?" అంది ధాత్రి మొహం పెట్టి.

"ఉప్పు డబ్బా ఎక్కడని అడిగాను. మీ అమ్మ గొంతు పలకలేదు," అంది అరుణ. "తడుముకుని తీశాను. ముందు చేతికి చక్కెర వచ్చింది. తర్వాత ఉప్పు కూడా దొరికిందిలే, అదీ వేశాను."

"పొద్దుట్నించీ ఏదో తేడాగా ఉంది," అన్నాడు ఫణీంద్ర. "ఆ ఇంజనీరుకి ఫోన్ చేయాలి."

"ఇక్కడా అంతేనన్నయ్యా, వదిన చప్పుడే లేదు," అంది పెట్టెలోంచి స్వప్న. ఆ పెట్టెకి నోరు మాత్రమే ఉంది, చెవి లేదు. ఇంట్లో ఫణీంద్రా, ధాత్రీ, అరుణా మాట్లాడేది వాళ్ళ మెళ్ళో పూసల్లోంచి స్వప్నకి పోతుంది. ప్రవల్లికకి పూస లేదు. ఆమెకి ఎప్పుడూ అవసరం రాలేదు, నోటితో అన్న మాటని కూడా గింజే మోసుకుపోయేది.

ప్రవల్లిక తన కంచంలో అన్నం కలుపుకుంది. ఒక ముద్ద తిని నీళ్ళు తాగింది.

"నేను ల్యాబ్‌కి వెళ్ళొచ్చాను," అంది మామూలుగా.

"వదిన ఏమన్నా అందా? నాకేం వినబడలేదు," అంది స్వప్న.

ఫణీంద్ర పెట్టె వైపు చూశాడు. తర్వాత భార్య వైపు చూశాడు. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"తీసేశావా?"

"తీసేశాను."

"రేవుదేగా?"

"కాదు."

ధాత్రి తినడం ఆపేసింది. అరుణ మొహం కోడలి గొంతు వైపు తిరిగింది. ఆవిడకి గొంతు ఎటునుంచి వస్తోందో వెతుక్కోవలసి రావడం చాలాకాలానికి ఇదే మొదలు. ఇన్నాళ్ళూ అది అన్నివైపులనుంచీ వచ్చేది.

"ఇల్లు మళ్ళీ పెట్టించాను," అంది ప్రవల్లిక. గొంతు పెంచలేదు. "రెండోదిగా. మీ ముగ్గురూ పిలిస్తే నాకు నేరుగా వినబడుతుంది. మిగతావాళ్ళు గేటు దగ్గర బెల్లు కొడతారు. రేవు మూడోది. రేపట్నించి పనిలోకి వెళుతున్నాను. అప్పన్న తమ్ముళ్ళ పడవలు రేపు బయల్దేరుతున్నాయి."

"మరి మొదటిది?" అంది ధాత్రి.

"అందులో నేనుంటాను."

"ఇంకా?"

"ఇంకెవరూ ఉండరు."

ఫణీంద్ర గరిటె కింద పెట్టాడు. "అంటే మాక్కూడా తలుపేనా? ఇంట్లోవాళ్ళకి కూడా?"

"నాకూ తలుపే ఫణీ. నేను బయటికి రావాలన్నా నేనే తీసుకోవాలి. ఇవాళ పొద్దున్నించీ అదే నేర్చుకుంటున్నాను."

అరుణ చెయ్యి బల్లమీద నెమ్మదిగా జరుగుతూ ముందుకు వచ్చింది. కోడలి మణికట్టు తగిలాక ఆగింది.

"నేను పిలిస్తే?"

"పిలవండి అత్తయ్యా. పలుకుతాను. మీరు పిలవకముందే ఇల్లంతా నా గొంతే నిండి ఉండదు, అంతే. ఎప్పుడైనా ఆలస్యమైతే ఇంకోసారి పిలవండి."

అరుణ చెయ్యి వెనక్కి తీసుకుని, కంచంలో పప్పు వైపు చూపించింది. "అయితే ఉప్పు డబ్బాకి ఒక రబ్బరు బ్యాండు వేసి పెట్టు. చేతికి తెలుస్తుంది."

"వేస్తాను."

"అన్నయ్యా?" అంది పెట్టె. "అమ్మా? ధాత్రీ? ఎవరైనా చెప్పండర్రా, వదిన ఏమంటోంది?"

ప్రవల్లిక లేచి, అత్తగారి కంచంలో మజ్జిగ పోసి, ఫణీంద్ర వైపు గిన్నె జరిపింది.

"నువ్వే చెప్పు తనకి. గేటుకి బెల్లుందని చెప్పు," అంది. "సాయంత్రం ఆ పరదాలు దింపేస్తున్నాను. స్టూలు ఎక్కడ పెట్టావు?"